రోజూ వేసుకునే కుర్తీ మీద తంగేడు కొమ్మ కుట్టుకోవడం ఎలా?

బీరువా తెరవండి. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు మాత్రమే బయటికొచ్చే మగ్గం వర్క్ జాకెట్లను పక్కకు జరపండి. వాటి వెనకో కిందో, వారానికి రెండుసార్లు వేసుకునే, ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ కుర్తీ ఒకటి ఉంటుంది. దాన్ని తీయండి. ఈ పని దాని కోసమే.

హైదరాబాద్‌లో కుట్టుపని అనగానే అందరికీ మగ్గమే గుర్తొస్తుంది. పాతబస్తీలో దాన్ని కార్చోబి పని అంటారు. కార్ అంటే పని, చోబ్ అంటే కట్టె. కట్టె చట్రానికి బట్టను బిగించి, చుట్టూ నేల మీద కూర్చుని చేస్తారు కాబట్టి ఆ పేరు. కొక్కెం ఉన్న ఆరి సూదితో, జరీతో, పూసలతో వాళ్లు చేసేది ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చిన విద్య. అది కావాలంటే వాళ్ల దగ్గరికే వెళ్లాలి, వాళ్ల కూలి వాళ్లకు ఇవ్వాలి. ఇక్కడ మనం చేసేది వేరు. మామూలు సూది, నూలు దారం, అరచేతికి కాస్త పెద్దదైన గుండ్రటి ఫ్రేమ్, ఒళ్లో మన బట్ట. అమ్మడానికి కాదు, ఏ ఫంక్షన్ కోసమూ కాదు. సోమవారం ఆఫీసుకు వెళ్లేటప్పుడు చేతి అంచు మీద ఒక పసుపుపచ్చ పువ్వు కనిపిస్తే మనసుకు బాగుంటుంది. అంతే కారణం.

మా అమ్మ బడిలో ‘కుట్లు అల్లికలు’ ఒక సబ్జెక్టుగా చదువుకుంది. ఆవిడ కుట్టిన తలగడ గలీబులు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. మూలన రెండు చిలకలు, కింద గులాబీ రంగు గొలుసు కుట్టుతో ‘గుడ్ నైట్’. బట్ట పలచబడి అవతలి వెలుతురు కనిపిస్తోంది కానీ చిలకలు చెక్కుచెదరలేదు. ఆ గలీబులను తిరగేసి చూస్తూనే నేను చాలావరకు నేర్చుకున్నాను. కుట్టు ఎటు నుంచి ఎటు వెళ్లిందో, దారం ఎక్కడ ముగించిందో వెనకవైపు అంతా రాసిపెట్టినట్టే ఉంటుంది. మీ ఇంట్లో అలాంటి గలీబో, టేబుల్ క్లాతో, టీవీ మీద కప్పిన గుడ్డో ఉంటే ముందు దాన్ని తిరగేసి చూడండి.

బట్ట, చోటు

మొదటిసారికి నేసిన కాటన్ తీసుకోండి. మంగళగిరి, నారాయణపేట, ఖాదీ, మామూలు పాప్లిన్, ఏదైనా సరే. రేయాన్ జారిపోతుంది, జార్జెట్ ముడుచుకుపోతుంది, టీషర్టు సాగుతుంది. అవన్నీ చెయ్యి కుదిరాక. కొత్త బట్ట అయితే ముందు రెండుసార్లు ఉతికి ఆరేయండి. కాటన్ మొదటి ఉతుకులకు కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుంటే పువ్వు చుట్టూ బట్ట మడతలు పడి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. పాత బట్టతో మొదలుపెట్టమని నేను చెప్పడానికి ఇదో కారణం. అది కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుంది.

చోటు ఎంచుకోవడానికి టేబుల్ మీద పరిచి చూస్తే సరిపోదు. కుర్తీ వేసుకుని రోజూ చేసే పనులు చేయండి. బ్యాగు తగిలించుకోండి, బండి మీద కూర్చోండి, చున్నీ వేసుకోండి, లాప్‌టాప్ ముందు చేతులు ఆనించండి. బ్యాగు పట్టీ ఎక్కడ రాసుకుంటుందో, చున్నీ ఏ భాగాన్ని కప్పేస్తుందో, బల్లకు మణికట్టు ఏ వైపు ఆనుతుందో తెలుస్తుంది. ఆ చోట్లన్నీ వదిలేయండి. నా అనుభవంలో బాగా నిలిచే చోట్లు మూడు: గుండీల పట్టీకి పక్కన ఎడమవైపు, చేతి అంచుకు పైవైపున, కింద అంచుకు పక్క చీలిక దగ్గర. అద్దం ముందు నిలబడి, పువ్వు మధ్యభాగం రావాల్సిన చోట ఒక పిన్నీసు గుచ్చుకోండి.

జేబు మీద కుట్టాలనుకుంటే జేబు లోపల ఒక అట్టముక్క పెట్టండి. లేకపోతే జేబు రెండు పొరలూ కలిసి కుట్టుపడిపోతాయి. ఓపిక ఉంటే జేబును మూడువైపులా విప్పి, కుట్టి, మళ్లీ అతికించుకోవడమే శుభ్రమైన పద్ధతి.

సామాను

సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్‌లో దిగి కోఠి వైపు సందుల్లోకి నడిస్తే లేసులు, గుండీలు, దారాలు అమ్మే దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. సికింద్రాబాద్ వైపు వాళ్లకు జనరల్ బజార్ ఉంది. బేగం బజార్ హోల్‌సేల్ చోటు, మొదటిసారికి అంత సరుకు అవసరం లేదు.

కొనాల్సినవి కొన్నే. ఐదారు అంగుళాల ఫ్రేమ్, ఎంబ్రాయిడరీ సూదుల ప్యాకెట్, చిన్న పదునైన కత్తెర, దారాలు. సూదుల నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. రెండు పోగుల దారానికి 7 నుంచి 9 దాకా ఏదైనా సరిపోతుంది, జీన్స్ లాంటి మందం బట్టకు 5 తీసుకోండి. ఫ్రేమ్ లోపలి రింగుకు పాత పంచెలోంచి చింపిన సన్నటి పేలికను చుట్టి, చివర నాలుగు కుట్లు వేయండి. బట్ట జారదు, ఫ్రేమ్ మచ్చ కూడా పడదు. ఈ ఒక్క పనికి పది నిమిషాలు పడుతుంది, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

దారం విషయంలో మాత్రం పొదుపు చేయకండి. యాంకర్, డీఎంసీ లాంటి నూలు దారాల కట్ట ఒక్కొక్కటి 8 మీటర్లు ఉంటుంది. అందులో ఆరు పోగులు కలిసి ఉంటాయి. చుట్టి ఉన్న కాగితం మీద రంగు నంబర్ ఉంటుంది, యాంకర్‌లో నలుపు 403, డీఎంసీలో 310. ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకోండి, సగంలో దారం అయిపోతే అదే ఆధారం. నేనొకసారి పేరూ నంబరూ లేని విడి దారంతో తెల్ల కుర్తీ మీద ఎర్ర మందారం కుట్టాను. వారం రోజుల పని. మొదటి ఉతుకులోనే ఎరుపు కారి, పువ్వు చుట్టూ జానెడు మేర గులాబీ మరక పాకింది. ఆ కుర్తీని ఇంకా దాచుకున్నాను, కానీ వేసుకోలేను. అందుకే ఇప్పుడు ఎరుపు, మెరూన్, ముదురు నీలం ఏది కొన్నా ముందు పరీక్ష చేస్తాను. జానెడు దారం తడిపి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి, పైన వేడి ఇస్త్రీ పెట్టి నొక్కండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం ముదురు బట్టల మీదకే పనికొస్తుంది.

కొమ్మను గీసుకోవడం

తంగేడు ఎందుకంటే, అది తెలంగాణ రాష్ట్ర పుష్పం అనే మాట అటుంచితే, కొత్త చేతికి అంతకంటే దయగల పువ్వు లేదు. ఐదు రేకులు. అవి కాస్త ముడతలు పడి, ఒకటి చిన్నగా ఒకటి పెద్దగా ఉంటాయి కాబట్టి మీ రేకులు సమానంగా రాకపోయినా అది తంగేడులాగే ఉంటుంది. మధ్యలోంచి పొడవాటి కేసరాలు వంకర తిరిగి బయటికొస్తాయి. ఆకు చింతాకులా ఒకే ఈనెకు రెండువైపులా చిన్న చిన్న ఆకులు జతలుగా ఉంటుంది, కాకపోతే చింతాకు కన్నా పెద్దవి, చివర గుండ్రనివి. బతుకమ్మ రోజుల్లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో గుట్టలుగా పోస్తారు. మామూలు రోజుల్లో ఊరి బయట రోడ్డు పక్కన మెట్ట నేలల్లో దొరుకుతుంది. ఒక కొమ్మ తెచ్చి గ్లాసులో పెట్టుకుని దాన్ని చూస్తూ గీయండి. ఫోన్‌లో ఫొటో చూసి గీసిన దానికీ, ఎదురుగా పువ్వును చూసి గీసిన దానికీ తేడా ఉంటుంది.

కాగితం మీద అసలు సైజులోనే గీయాలి. కొమ్మ మొత్తం మీ చూపుడు వేలంత పొడవు చాలు. రెండు విచ్చిన పువ్వులు, మూడు మొగ్గలు, రెండు ఆకులు. ఒక్కో ఆకుకు అసలు చెట్టు మీద ఎనిమిది నుంచి పన్నెండు జతల దాకా ఉంటాయి కానీ మనం ఐదు జతలు వేస్తే చాలు. ఇంకా ఎక్కువ గీస్తే కుట్టేటప్పుడు కిక్కిరిసిపోతుంది.

బట్ట లేత రంగైతే కాగితాన్ని పగటిపూట కిటికీ అద్దానికి అంటించి, దాని మీద బట్టను పెట్టి, సన్నటి పెన్సిల్‌తో తేలిగ్గా దిద్దుకోండి. నీళ్లకు పోయే నీలం పెన్ను కూడా వాడొచ్చు. కానీ ఒక జాగ్రత్త: గీత ఉతికి పోగొట్టే దాకా ఇస్త్రీ పెట్టె దాని దగ్గరికి రాకూడదు. వేడి తగిలితే ఆ నీలం బట్టలో నిలిచిపోతుంది.

ముదురు రంగు బట్టకు మన మగ్గం వాళ్ల పద్ధతే మేలు. వాళ్లు బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడుస్తారు. జింక్ పౌడర్‌ను కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ఉండతో ఆ చిల్లుల మీద రుద్దితే కింద బట్ట మీద చుక్కల గీత పడుతుంది. ఇంట్లో కిరోసిన్ వద్దు. మెత్తగా నూరిన చాక్‌పీస్ పొడిని దూది ఉండతో అద్ది, కాగితం తీసేశాక ఆ చుక్కలను తెల్ల పెన్సిల్‌తో కలుపుకుంటే సరిపోతుంది. తలుపు ముందు ముగ్గు గొట్టం దొర్లించినట్టే.

ముగ్గు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ‘నాకు బొమ్మలు వేయడం రాదు’ అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీకు ముగ్గు వచ్చు కదా? కుర్తీ కింద అంచు వెంబడి టైలర్ చాక్‌తో సెంటీమీటరుకు ఒక చుక్క చొప్పున మూడు వరసలు పెట్టండి. నాలుగు చుక్కలను చుట్టుకుంటూ మెలికల ముగ్గు గీసుకుంటూ పోండి, దాని మీదే కుట్టండి. చుక్క ఉన్న చోట తర్వాత ఒక ముడి వేస్తే చుక్క చుక్కగానే మిగులుతుంది. సంక్రాంతి నెలలో వాకిట్లో వేసిన ముగ్గు తెల్లారేసరికి చెదిరిపోతుంది, ఇది చాలాకాలం ఉంటుంది. ముదురు నీలం కుర్తీ మీద తెల్ల దారంతో నేను మొదట కుట్టింది ఇదే. ఇప్పటికీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

దారం ఎక్కించడం

దారాన్ని మూరెడు కత్తిరించండి. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా. అంతకంటే పొడవైతే బట్టలోంచి పదేపదే లాగినప్పుడు దారం నలిగి నూగు లేస్తుంది, చిక్కు పడుతుంది. ఎక్కువసార్లు ఎక్కించాల్సి వస్తుందని బద్ధకించకండి.

ఆరు పోగుల్లోంచి రెండు కావాలంటే రెండూ కలిపి లాగకూడదు. ఒక చేత్తో కట్ట కొసను గట్టిగా పట్టుకుని, ఒక్క పోగును నిటారుగా పైకి లాగండి. మిగతావి కిందికి కుచ్చులా ముడుచుకుంటాయి, కంగారుపడకండి, సాపు చేస్తే సర్దుకుంటాయి. ఇంకో పోగు అలాగే లాగి, రెండింటినీ మళ్లీ జత చేయండి. ఇలా విడదీసి కలిపిన పోగులు బట్ట మీద పక్కపక్కన పడుకుంటాయి, కుట్టు నిండుగా కనిపిస్తుంది.

ఫ్రేమ్‌లో బట్ట డప్పులా బిగుతుగా ఉండాలి, వేలితో కొడితే చప్పుడు రావాలి. అయితే బట్టను మూలకు లాగి బిగించకండి, నిలువు పోగులు నిలువుగా, అడ్డం పోగులు అడ్డంగా ఉండేలా చూసుకోండి. రాత్రి పని ఆపేటప్పుడు ఫ్రేమ్ విప్పేయండి.

ఎండాకాలంలో మన ఊళ్లో చెయ్యి చెమట పట్టకుండా ఉండదు. లేత దారం నల్లబడిపోతుంది. అరగంటకోసారి లేచి చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. వెలుతురు విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. సాయంత్రం నాలుగింటికి బాల్కనీలో ఉన్న వెలుగు ఏ ఎల్‌ఈడీ బల్బూ ఇవ్వదు. బల్బు కింద నలుపూ ముదురు నీలమూ ఒకటే అనిపిస్తాయి. రంగులు ఎంచుకునే పని మాత్రం పగలే పెట్టుకోండి.

కుట్టడం

ముందు కొమ్మ. దీనికి కాడ కుట్టు, టైలరింగ్ క్లాసుల్లో స్టెమ్ స్టిచ్ అంటారు. రెండు పోగులు, ఆలివ్ ఆకుపచ్చ. కుడిచేతి వాళ్లు ఎడమ నుంచి కుడికి వెళ్లాలి.

1. గీత ఎడమ కొసన సూదిని కింది నుంచి పైకి తీయండి.
2. అర బియ్యపుగింజంత దూరం కుడివైపుకు జరిగి, గీత మీదే సూదిని లోపలికి దించండి. దారం పూర్తిగా లాగకండి, దాన్ని బొటనవేలితో గీతకు కిందివైపు నొక్కి పట్టండి.
3. ఆ రెండు చిల్లులకూ సరిగ్గా మధ్యలో సూదిని పైకి తీసి, ఇప్పుడు లాగండి.
4. మళ్లీ అంతే దూరం ముందుకు వెళ్లి దించండి, ఈసారి ముందు కుట్టు ముగిసిన చిల్లు దగ్గర పైకి రండి.

దారం ఎప్పుడూ గీతకు ఒకే వైపు ఉండాలి, ఇదొక్కటే నియమం. ఒక కుట్టుకు కింద, ఇంకో కుట్టుకు పైన పెడితే తాడులా మెలితిరగాల్సిన గీత విరిగిపోతుంది. వంపుల దగ్గర కుట్టు ఇంకా చిన్నది చేయండి. వరసగా వేస్తూ వెళ్తుంటే దారం తనంతట తానే మెలి పడుతుంది. అప్పుడు బట్టను తలకిందులుగా పట్టుకుని సూదిని గాలిలో వదిలేయండి, గిరగిరా తిరిగి మెలి విడిపోతుంది.

ఆకులకు లేజీ డైజీ. ఆకు మొదట్లో సూదిని పైకి తీసి, అదే చిల్లు పక్కన మళ్లీ లోపలికి దించండి, పైన దారం ఉచ్చులా మిగలాలి. ఆకు కొస దగ్గర, ఆ ఉచ్చు లోపలి నుంచి సూదిని పైకి తీసి మెల్లగా లాగండి. ఉచ్చు ఆకులా నిలబడుతుంది. దాని కొస మీదుగా చిన్న కుట్టు వేసి బట్టకు కట్టేయండి. గట్టిగా లాగితే ఆకు గీతైపోతుంది, వదులుగా వదిలితే గాజులకు చిక్కుకుంటుంది. పాత గుడ్డ మీద ఒక పదిహేను వేసి చూడండి, పదో దానికల్లా చేతికి ఆ బిగువు తెలిసిపోతుంది. ఐదు జతలు వేసేటప్పుడు పైనుంచి కిందికి రండి, ఆకుల కొసలన్నీ కాస్త పైకి చూస్తుండాలి.

పువ్వు రేకులకు చాలామంది శాటిన్ కుట్టు వేస్తారు, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు పొడవాటి గీతలు. గోడకు తగిలించే ఫ్రేమ్‌కు అది అందం. రోజూ వేసుకునే బట్టకు మాత్రం నేను వద్దంటాను. బయటికి తేలి ఉన్న దారం గోరుకో, ఉంగరానికో, బ్యాగు జిప్‌కో తగిలి లేచిపోతుంది. అర సెంటీమీటరు దాటిన ఏ కుట్టయినా ఏదో ఒక రోజు దేనికో చిక్కుకుంటుంది. దాని బదులు చేపముల్లు కుట్టు వేయండి. రేకు కొసన మధ్యగీత మీద నిలువుగా ఒక చిన్న కుట్టు. తర్వాత కుడి అంచు నుంచి మొదలై మధ్యగీతను కాస్త దాటి ఎడమవైపు దిగండి. అప్పుడు ఎడమ అంచు నుంచి వచ్చి మధ్యగీతను కాస్త దాటి కుడివైపు దిగండి. ఇలా మార్చి మార్చి రేకు మొదలు దాకా. ఒక్కో కుట్టు పొట్టిగా ఉంటుంది, మధ్యలో ఒకదాని మీద ఒకటి పడి గట్టిపడుతుంది, పైగా నడుమ ఒక ఈనె తయారవుతుంది. తంగేడు రేకు మీద నిజంగానే అలాంటి ఈనెలుంటాయి.

రంగు ఒక్క పసుపే వాడితే పువ్వు బల్లపరుపుగా కనిపిస్తుంది. ముదురు నిమ్మపండు రంగు ఒక పోగు, పసుపుకొమ్ము రంగు ఒక పోగు, రెండూ కలిపి సూదిలోకి ఎక్కించండి. దుకాణంలో దొరకని మూడో రంగు మీ చేతిలో పుడుతుంది. కిందవైపు రేకులకు పసుపుకొమ్ము రంగు రెండు పోగులూ వాడితే నీడ పడ్డట్టుంటుంది. బట్ట కూడా లేత పసుపైతే పువ్వు కనిపించదు. నీలిమందు, బూడిద, మట్టి ఎరుపు, ముదురు ఆకుపచ్చ మీద తంగేడు వెలిగిపోతుంది.

కేసరాలకు లేత గోధుమరంగు ఒక్క పోగుతో మూడు చిన్న వంకర గీతలు, వాటి కొసలకు ఫ్రెంచ్ నాట్. ఈ ముడి దగ్గర అందరికీ టెన్షనే. సూదిని పైకి తీసి, దారాన్ని సూది చుట్టూ రెండుసార్లు చుట్టండి. సూది మొనను వచ్చిన చిల్లులోకి కాకుండా ఒక్క నూలు పోగు పక్కన గుచ్చండి. ఎడమచేత్తో దారాన్ని బిగువుగా పట్టుకుని ఉండగానే సూదిని కిందికి లాగండి, ఉచ్చు చివరికి వచ్చేదాకా ఎడమ చెయ్యి వదలొద్దు. ముడి వెనక్కి జారిపోతోందంటే అదే చిల్లులో గుచ్చుతున్నారన్నమాట. ముడి పెద్దది కావాలంటే చుట్లు పెంచకండి, పోగులు పెంచండి.

మొగ్గలకు ఒకదానిలో ఒకటిగా రెండు లేజీ డైజీలు చాలు. పక్కన కాస్త ఖాళీ ఉంటే ఒక గునుగు పువ్వు వేయొచ్చు. ఫ్రెంచ్ నాట్లనే పిల్లి తోకలా దగ్గర దగ్గరగా పేర్చండి, కింద వెండి తెలుపు, కొసకు వచ్చేసరికి గులాబీ. బతుకమ్మలో తంగేడు పక్కన గునుగు ఎలా కుదురుతుందో ఇక్కడా అలాగే కుదురుతుంది.

నాకు ఈ కొమ్మకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మీకు పది పడితే పట్టనివ్వండి, దీనికి డెడ్‌లైన్ లేదు.

వెనకవైపు

రోజూ ఒంటికి తగిలేది వెనకవైపే. అందుకే మొదలు పెట్టేటప్పుడు పెద్ద ముడి వేయకండి. రెండు పోగులు కావాలంటే ఒక్క పోగునే రెండు మూరలు కత్తిరించి, మధ్యకు మడిచి, రెండు కొసలనూ సూదిలోకి ఎక్కించండి. మొదటి కుట్టు దించి వెనక్కి తిప్పితే అక్కడ చిన్న ఉచ్చు ఉంటుంది, సూదిని దానిలోంచి దూర్చి లాగితే ముడి లేకుండానే దారం పట్టుకుంటుంది. ముగించేటప్పుడు వెనక ఉన్న నాలుగైదు కుట్ల కిందుగా సూదిని పోనిచ్చి, ఒకదాన్ని చుట్టి, వచ్చిన దారినే వెనక్కి తెచ్చి కత్తిరించండి. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు వెనకవైపు దారాన్ని ఈడ్చుకుపోకండి. కుర్తీ తొడుక్కునేటప్పుడు వేలు అందులోనే దూరుతుంది. పిల్లల బట్టలకైతే కుట్టు వెనక పలచటి మెత్తటి మల్లు గుడ్డ ముక్క ఒకటి అతికించండి, వాళ్ల చర్మానికి గరుకు తగలదు.

టీషర్టు, చిరుగు, మరక

టీషర్టు మీద కుట్టాలంటే వెనక పేపర్ ఫ్యూజింగ్‌ను ఇస్త్రీతో అంటించాలి, లేకపోతే బట్ట సాగి పువ్వు గుంజుకుపోతుంది. ఫ్రేమ్‌లో పెట్టేటప్పుడు లాగి బిగించకండి. గొలుసు కుట్టుకు, అంటే లేజీ డైజీ ఉచ్చులను ఒకదానిలోంచి ఒకటిగా వరసగా వేసే కుట్టుకు, కాస్త సాగే గుణం ఉంది కాబట్టి అదే వాడండి. మెడ పట్టీ మీద ఏమీ కుట్టకండి, తల పట్టాలి కదా.

చిన్న చిరుగు పడితే అదే రంగు గుడ్డను లోపలివైపు పెట్టి, చిరుగు చుట్టూ రన్నింగ్ కుట్టును, అంటే సూదిని పైకీ కిందికీ దూరుస్తూ వెళ్లే కుట్టును, వలయాలు వలయాలుగా వేసుకుంటూ బయటికి రండి, నీటిలో రాయి వేసినట్టు. బెంగాల్‌లో పాత చీరలను పొరలుగా పేర్చి కాంథా చేసేది ఈ కుట్టుతోనే. రఫూ చేసేవాళ్లు చిరుగు కనిపించకుండా చేస్తారు, మనం అది కనిపించేలా, అందంగా కనిపించేలా చేస్తాం. పోని పసుపు మరక మీద తంగేడు పువ్వే సరైన మందు, మరక రేకుల కిందికి వెళ్లిపోతుంది. మావారి ఆఫీసు చొక్కా జేబు మూలన ఇంకు మచ్చ పడితే దాని మీద చిటికెనవేలంత పాలపిట్టను కుట్టాను, నీలం రెక్క సరిగ్గా ఇంకు మీదే వచ్చింది.

అద్దాలు కుట్టాలని ఉంటే లంబాడీ ఆడవాళ్ల పనిని దగ్గరగా చూడండి. అద్దం మీదుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా బిగించి, ఆ చట్రాన్ని బయటికి లాగుతూ అంచు చుట్టూ కుట్టు అల్లుతారు, జిగురు అక్కర్లేదు. కానీ వాషింగ్ మెషిన్‌లో వేసే బట్టలకు అద్దాలు వద్దు.

ఉతకడం

పని పూర్తయ్యాక చల్లటి నీళ్లలో తేలికైన సబ్బుతో ఒకసారి చేత్తో ఉతకండి, చాక్ గీతలూ చేతి చెమటా పోతాయి. బోరు నీళ్లు కఠినంగా ఉండే కాలనీల్లో సబ్బు సరిగ్గా వదలక దారం మెరుపు మందగిస్తుంది. కృష్ణా నీళ్లో మంజీరా నీళ్లో నల్లాలో వచ్చినప్పుడు ఒక బకెట్ పక్కన పెట్టుకుని, ఆఖరి జాడింపు అందులో చేయండి. పిండకండి. నీడలో ఆరేయండి. మందపాటి తువ్వాలు పరిచి, కుట్టుపని తువ్వాలు వైపు ఉండేలా బోర్లించి, వెనక నుంచి ఇస్త్రీ చేయండి. అప్పుడు ముడులు నలగవు, పువ్వు పైకి ఉబ్బి నిలబడుతుంది. ఆ తర్వాత మెషిన్‌లో వేసినా పర్లేదు, తిరగేసి, వల సంచిలో పెట్టి, చల్లటి నీళ్లతో.

చివరగా ఒక చిన్న పని. కింద అంచు మడత లోపలివైపు, ఎవరికీ కనిపించని చోట, మిగిలిన పసుపు దారం ఒక్క పోగుతో ఈ సంవత్సరం అంకెలు నాలుగూ కుట్టండి. మా అమ్మ గలీబు లోపలి మడతలో 1986 అని ఉంది. ఇంట్లో అందరం ఏళ్ల తరబడి దాని మీద తల పెట్టుకుని పడుకున్నాం, ఎవరం చూడలేదు. నేను కుట్టు నేర్చుకోవడానికి తిరగేసిన రోజున కనిపించింది.